ఎవరూ రాయని సీను

దర్జీ ఆవిడ మెట్లెక్కి వచ్చేసరికి ఇన్‌స్పెక్టరమ్మ మోకాళ్ళకి మందు రాసుకుంటోంది. బయట పొద్దుటినుంచీ ఒకటే ముసురు. కిటికీ రెక్క బిగుసుకుపోయి సగంలో ఆగిపోయింది.

ఇన్‌స్పెక్టరమ్మ అంటే పోలీసు కాదు. బీమా కంపెనీలో పనిచేసినన్నాళ్ళూ కాలిన గోడౌన్లూ మునిగిన పడవలూ చూసి, ఏది ప్రమాదమో ఏది నాటకమో తేల్చిన మనిషి. ఉద్యోగం వదిలినా ఆ పేరు ఆమెను వదల్లేదు. ఇప్పుడు ఈ గదిలో కూర్చుని, తప్పిపోయినవాళ్ళని వెతికిపెట్టే కేసులు చూస్తోంది. ఆమె సహాయకుడు ఒకప్పుడు పత్రికలో ప్రూఫులు దిద్దేవాడు. పత్రిక మూతపడ్డాక ఈ గదికి చేరాడు. నలభై దాటిన ఆ మనిషిని ఆమె ‘ప్రూఫూ’ అనే పిలుస్తుంది. అతనికి అది బిరుదులాగే ఉండేది.

“కూర్చో అమ్మా,” అంది ఇన్‌స్పెక్టరమ్మ, మందు సీసా మూత పెడుతూ.

ఆవిడ కూర్చోలేదు. గొడుగులోంచి నీళ్ళు కారుతున్నాయని కూడా చూసుకోలేదు.

“నా తమ్ముడు చచ్చిపోతుంటే ఎవరో చూశారమ్మా. వాళ్ళు నా ఎదురుగానే కూర్చుని టీ తాగుతున్నారు. అది ఎవరో నాకు తెలీదు. భయంగా ఉంది.”

ప్రూఫు కుర్చీ ఆవిడ మోకాళ్ళ దాకా జరిపాడు. అప్పుడు కూర్చుంది.

మిల్లు రోడ్డు చివర పాత గోడౌను మేడ మీద ఒక నాటకాల హాలుంది. దాని డైరెక్టరు మూడు నెలల కిందట ఆ రోడ్డు పొడుగునా కాగితాలు అంటించాడు. ‘ఈ రోడ్డు మీద బతికేవాళ్ళంతా కలిసి ఒక నాటకం రాద్దాం రండి. ముక్కూ మొహం తెలియని మనుషులు. ఒకరి బతుకు ఇంకొకరి బతుకుని ఎక్కడ తాకుతుందో చూద్దాం’ అని. వెళ్ళింది నలుగురు. ఈవిడ, ఒక నర్సు, ఒక లెక్కల మాస్టారు, రిటైరైన బస్సు డ్రైవరు. ఎవరికి వాళ్ళు ఇంట్లో ఒక సీను టైపు చేసుకుని, పేరు రాయకుండా పెట్టెలో వెయ్యాలి. డైరెక్టరు ఒక్కొక్కటే తీసి పైకి చదువుతాడు. ఎవరిది ఏదో అడగకూడదు. అదీ షరతు.

“మొన్న నాలుగు సీన్లు చదివారమ్మా. ఆఖరిది తెల్లారుజాము సీను. మిల్లు గోడ పక్కన ఒక కుర్రాడు దెబ్బ తగిలి పడుంటాడు. దారినపోయేవాడొకడు వచ్చి వాడి తల ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు పోస్తాడు. ఆ కుర్రాడు అంటాడు...” ఆవిడ గొడుగు పిడి రెండు చేతులా పట్టుకుంది. “‘పిచ్చుకకి చెప్పకండి, ఏడుస్తుంది’ అంటాడు.”

“అయితే?”

“పిచ్చుకని నేనేనమ్మా. చిన్నప్పుడు కంచంలో అన్నం మెతుకు మెతుకు ఏరుకు తినేదాన్ని. మా తమ్ముడు ఆ పేరు పెట్టాడు. ఇంట్లో తప్ప బయట అనేవాడు కాదు. ఆరేళ్ళ కిందట అదే గోడ పక్కన వాణ్ణి ఏదో బండి గుద్ది వెళ్ళిపోయింది. ఎవరూ చూడలేదు, ఒంటరిగా పోయాడు అన్నారు పోలీసులు. ఆ మాట ఆరేళ్ళుగా మోస్తున్నాను.”

ఇన్‌స్పెక్టరమ్మ మందు సీసా పక్కకి జరిపింది.

“ఆ కాగితం ఉందా?”

“లేదు. నాకు కళ్ళు తిరిగి, తలనొప్పని చెప్పి కిందికి వెళ్ళి మొహం కడుక్కున్నాను. అందరూ టీ తాగుతున్నారు. నేను తిరిగొచ్చి ఆ సీను మళ్ళీ ఒకసారి చదవమన్నాను. పెట్టెలో మూడే ఉన్నాయి. నాలుగోది మాయం.”

“నీ తమ్ముడి సంగతి వాళ్ళలో ఎవరికైనా చెప్పావా?”

“ఎవరికీ చెప్పలేదు. చెప్పుకుంటే తీరేదా?”

ఆవిడ వెళ్ళాక ప్రూఫు కిటికీ మూయబోయి, అది కదలక వదిలేశాడు. “రాసినవాణ్ణి పట్టుకుంటే గుద్దినవాడు దొరికినట్టే కదా, మేడమ్?”

“తొందరపడకు. రాసి పెట్టెలో వేసినవాడు దాన్ని మళ్ళీ తీసేదేముంది? అంత భయమున్నవాడు రాయనే రాయడు. రాసిన చెయ్యి వేరు, తీసిన చెయ్యి వేరు.” ఆమె లేచి నిలబడి ఒక్క క్షణం బల్ల పట్టుకుంది. “ఈ కేసు పిల్లలు తప్పిపోయిన కేసులా లేదు, మొగుళ్ళు తప్పిపోయిన కేసులానూ లేదు. పద, చూద్దాం.”

మర్నాడు మధ్యాహ్నం హాలుకి వెళ్ళారు. ఇరుకైన మెట్లు. కింద షెడ్డు ఖాళీగా ఉంది. సిమెంటు నేల మీద పాత నూనె మరక తప్ప ఏమీ లేదు. పైన పొడవాటి గది, ఒక బల్ల, మడత కుర్చీలు. గోడ మీద వరసగా ఫొటోలు. అన్నింట్లోనూ ఒకే మనిషి. రాజు వేషంలో, ముసలి వేషంలో, ఎక్కువ వాటిల్లో మొహమంతా తెల్లటి రంగు పూసుకుని కళ్ళ చుట్టూ నల్లగా దిద్దుకున్న విదూషకుడి వేషంలో.

“పదేళ్ళు నాకు అన్నం పెట్టింది ఆ తెల్ల మొహమేనండి,” అన్నాడు డైరెక్టరు. సన్నటి మనిషి, చక్కటి కంఠం. “ఆరేళ్ళయింది మానేసి. రంగు పడక చర్మం పొక్కిపోయింది. ఇప్పుడు ఇలా పదిమందితో రాయించుకుంటున్నాను.”

“షెడ్డు ఖాళీగా ఉందే. బండి లేదా?”

“కారుండేది. చూపు మందగించి అదీ అప్పుడే అమ్మేశాను. నడకే సుఖం.”

ఆయన వాళ్ళకి టీ కలిపాడు. పొడి ప్యాకెట్టు తిప్పి, వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఉన్న తేదీ అద్దాల్లేకుండానే చదివి, ఇంకా పాడవలేదని నవ్వాడు.

“పోయిన సీను సంగతి చెప్పండి,” అంది ఇన్‌స్పెక్టరమ్మ.

“ఏ గాలికి ఎగిరిపోయిందోనండి. కిటికీలు తెరిచే ఉన్నాయి. అందరూ అటూ ఇటూ తిరుగుతున్నారు.”

“మిగతావి చూడొచ్చా?”

“చూడ్డమెందుకు, వినండి.” ఆయన కళ్ళు మూసుకుని చేతులు మారిన చొక్కా సీను మొదలుపెట్టాడు. ఆసుపత్రి వరండాలో ఒకే గొడుగు కోసం రెండు కుటుంబాలు గొడవపడే సీను, బస్సులో టికెట్టు పోగొట్టుకున్న ముసలాయన సీను, అన్నీ అక్షరం పొల్లుపోకుండా ఒప్పజెప్పాడు. ప్రూఫు నోరు తెరుచుకుని విన్నాడు.

“మరి నాలుగోది?”

“అది... మతికి రావడం లేదండి. ఎవరో దెబ్బతిన్నవాడు. కాస్త ఏడుపు సీను.”

ఇన్‌స్పెక్టరమ్మ టీ పూర్తిగా తాగి కప్పు కింద పెట్టింది. ఇంకేం అడగలేదు.

నర్సు క్లినిక్కు వరండాలో దొరికింది. రాత్రి డ్యూటీ దిగి ఇంకా ఇంటికి వెళ్ళలేదు. బెంచీ మీద చెప్పులు విప్పి కాళ్ళు పిసుక్కుంటోంది.

“షరతు ఉందిగా, ఏది ఎవరిదో చెప్పకూడదని. సరే, చెప్తాను. గొడుగు సీను నాది. ఆ నాలుగోది మాత్రం నా నెత్తిన పెట్టకండి. వింటుంటేనే ఒళ్ళు మండింది. అలా దెబ్బ తగిలినవాడి తల ఎత్తి ఒళ్ళో పెట్టుకుంటారా? నీళ్ళు పోస్తారా? చిన్న పిల్లకి కూడా తెలుసు.”

“సీను ఎలా అయిపోయిందో గుర్తుందా సిస్టరూ?”

“ఎందుకు లేదు? అదొక్కటే బాగుంది. కుర్రాడు పోతాడు. ఆ దారినపోయేవాడు లేచి నిలబడి అంటాడు: ‘వాడూ చూశాడు, వెళ్ళిపోయాడు. నేనూ చూశాను, నేనూ వెళ్ళిపోతున్నాను.’ అంతే, తెర.”

ప్రూఫు తలెత్తాడు. “‘వాడూ’ అంటే ఎవడు?”

“నేనూ అదే అడిగానండి అప్పుడు! ఆ సీనులో ఉన్నది ఇద్దరే. ఒకడు చచ్చిపోయాడు. ఇంక ‘వాడు’ ఎవడు? ఎవరూ పలకలేదు. డైరెక్టరు గారేమో టీ టీ అని లేచిపోయారు.”

ఇన్‌స్పెక్టరమ్మ ప్రూఫు వైపు చూసింది. అతను ఏదో అనబోతుంటే కళ్ళతోనే ఆపింది.

“డ్రైవరు గారు ఏమన్నారు ఆవేళ?”

“ఆయనేం అంటాడు, నోట్లో నాలుక లేని మనిషి. టికెట్టు సీను చదువుతుంటే మాత్రం గొణిగాడు. ‘ఇది రాసినవాడు బస్సెక్కినట్టు లేదు, నడుస్తున్న బండిలో డ్రైవరు వెనక్కి తిరిగి టికెట్టు అడుగుతాడా’ అని. నాకు నవ్వొచ్చింది. ఆఖరి సీను అయ్యాక మళ్ళీ నోరు విప్పలేదు.”

లెక్కల మాస్టారు బడి స్టాఫ్ రూములో పరీక్ష కాగితాల గుట్ట వెనక ఉన్నాడు. ఎర్ర పెన్ను కింద పెట్టకుండానే జవాబులు చెప్పాడు. ఈ ఊరికి బదిలీ మీద పోయిన ఏడాదే వచ్చాడు. టికెట్టు సీను తనదే. నాలుగోది ఎవరిదో తెలియదు, తనకైతే అతిగా అనిపించింది.

డ్రైవరు ఇల్లు రోడ్డు మలుపులో ఉంది. ఆయన అరుగు మీద కూర్చుని మనవరాలి సైకిలుకి గాలి కొడుతున్నాడు. వాళ్ళని చూసి లేచి, పంపు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేత్తోనే పట్టుకున్నాడు.

“నాదా అమ్మా? నాది ఆ టికెట్టు పోయిన ముసలాయన కథ. బస్సు తోలినోణ్ణి, ఇంకేం రాస్తాను?”

“బాగా రాశారు.”

“ఏదో... రాశాను.” ఆయన తల వంచుకుని మళ్ళీ గాలి కొట్టసాగాడు. టైరు అప్పటికే రాయిలా గట్టిపడి ఉంది.

వీధిలోకి రాగానే ప్రూఫు ఆగలేకపోయాడు. “అబద్ధం మేడమ్! అబద్ధమాడాడు, పైగా బండి తోలేవాడు. ఇంకేం కావాలి?”

“అబద్ధమే. దేనికి ఆడాడో అది చూడాలి.” ఆమె ఒక ఇంటి గోడకి చెయ్యి ఆనించి నిలబడింది. “ముందు నీ సంగతి చెప్పు. నర్సు మాట వినగానే నీ మొహం మారింది. ప్రూఫులో ‘వాడు’ అని ఉండి ఆ వాడెవడో పైన లేకపోతే నువ్వేమంటావు?”

“పైన ఒక వాక్యం ఎగిరిపోయిందంటాను.”

“ప్రెస్సులో ఎవరు ఎగరగొడతారు?”

“కంపోజిటరు. చేతిలో కాగితం పట్టుకుని, చూసి అక్షరాలు పేర్చేవాడు...” ప్రూఫు ఆగిపోయాడు.

“నాకు కాళ్ళు లాగుతున్నాయి,” అంది ఇన్‌స్పెక్టరమ్మ. “రేపు అందర్నీ హాలుకి రమ్మను.”

మర్నాడు ముసురు తగ్గింది కానీ ఎండ రాలేదు. మడత కుర్చీల్లో నలుగురూ, బల్ల వెనక డైరెక్టరూ. దర్జీ ఆవిడ తలుపుకి దగ్గరగా కూర్చుంది. ఇన్‌స్పెక్టరమ్మ నిలబడి మాట్లాడలేనని ముందే చెప్పి, ఒక కుర్చీ లాక్కుంది. ప్రూఫు గోడకి ఆనుకున్నాడు.

“ఆరేళ్ళ కిందట ఈ రోడ్డు మీద ఒక కుర్రాడు చనిపోయాడు,” అని మొదలుపెట్టింది ఆమె. “అతని అక్క మీ మధ్యనే ఉంది. అతను ఇంట్లో పిలిచే పేరు మీ నాలుగో సీనులో ఉంది. చచ్చిపోయేటప్పుడు పక్కనున్నవాడు తప్ప ఇంకెవరూ ఆ పేరు రాయలేరు.”

కుర్చీలు కిర్రుమన్నాయి. డ్రైవరు దర్జీ ఆవిడ వైపు చూశాడు. చూపు తిప్పుకోలేకపోయాడు.

“ఇంతమంది ఒకే చోట ఎలా చేరారా అని నేనూ ఆశ్చర్యపోయాను. తర్వాత ఆశ్చర్యం పోయింది. కాగితాలు అంటించింది ఒక్క ఈ రోడ్డు మీదే. బావిలో రాయి వేస్తే అల నాలుగు గోడల్నీ తాకదూ? సరే. సీన్లు నాలుగు, రాసేవాళ్ళు నలుగురు. చొక్కా సీను ఈవిడది. గొడుగు సీను సిస్టరుది. టికెట్టు సీను నాదంటే నాదని ఇద్దరన్నారు. నాలుగోది నాదని ఎవరూ అనలేదు. ఒక సీనుకి ఇద్దరు తండ్రులు, ఒకటి అనాథ.”

“టికెట్టు సీను నాదే!” అన్నాడు మాస్టారు గట్టిగా.

“మీదే మాస్టారూ. ఎందుకంటే చదివిన రోజే డ్రైవరు గారు దాన్ని వెక్కిరించారు. తను రాసింది తనే ఎవరూ వెక్కిరించుకోరు.” ఆమె డ్రైవరు వైపు తిరిగింది. గొంతు తగ్గింది. “తమ్ముడూ, ఆ సీను నీది.”

డ్రైవరు రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. “నాదే అమ్మా.” తర్వాత దర్జీ ఆవిడతో అన్నాడు. “ఆ పిచ్చుకవి నువ్వేనా తల్లీ? నేను ఏ పెళ్ళామో, చంటిపిల్లో అనుకున్నాను. ఇన్నాళ్ళూ వెతుక్కున్నాను, ఎవరికి చెప్పాలో తెలీక. పోలీసుల దగ్గరికి పోదామంటే, బస్సు తోలేవాడు శవం పక్కన కనిపిస్తే లోకం ఏమంటుంది? డిపోకి పోయి మొదటి బండి తీశాను. ఆవేళంతా తోలాను. ఎలా తోలానో నాకే తెలీదు.”

ఆవిడ కొంగు కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉంది.

“ఇంక తీసినవాడి సంగతి,” అంది ఇన్‌స్పెక్టరమ్మ. “సీను ఆఖర్న ‘వాడూ చూశాడు’ అని ఉంది. వాడెవడో సీనులో లేడు. మా ప్రూఫు అలాంటివి దిద్దే పెరిగాడు. పైన ఒక ముక్క పోయింది. రాసిన తమ్ముడు దాన్ని వదలలేదు కదా?”

“వదల్లేదమ్మా. రాశాను. చదివేటప్పుడు వినపడలేదు. పొరపాటున దాటిపోయారు కాబోలు అనుకున్నాను.”

“కాగితం అప్పటికి ఒక్కరి చేతిలోనే ఉంది. మూడు సీన్లు కామాలతో సహా ఒప్పజెప్పిన మనిషికి ఆ ఒక్క సీనే మతికి రాదు. చూపు మందగించి కారు అమ్మాననే మనిషి టీ ప్యాకెట్టు వెనక అక్షరాలు అద్దాల్లేకుండా చదువుతాడు. కారూ, వేషమూ ఒకే ఏడాది వదిలేశాడు. తమ్ముడూ, దాటిపోయిన ముక్క ఇప్పుడు చెప్పు.”

డ్రైవరు కుర్చీ అంచుకి జరిగాడు. “దూరంగా ఒక కారు ఆగి ఉంది. తలుపు తెరిచి ఒకడు రోడ్డు మీద నిలబడ్డాడు. మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. కళ్ళ చుట్టూ నలుపు. నేను కేకేశాను. వాడు కారెక్కి వెళ్ళిపోయాడు. సున్నం పనివాడో, దెయ్యమో అనుకున్నాను. అంతే రాశాను.”

ముందుగా నర్సు గోడ వైపు తిరిగింది. తర్వాత మాస్టారు. ఫొటోల్లోని తెల్ల మొహం వాళ్ళ మీద నవ్వుతూనే ఉంది. డ్రైవరు మాత్రం ఫొటోని చూడలేదు. డైరెక్టరునే చూశాడు. డ్రైవరు పెదవులు కదిలాయి. “మీరా సార్? మూడు నెల్లుగా ఈ ఫొటోల కింద మీ పక్కన కూర్చున్నాను కదా. అది వేషమని నాకు తట్టనేలేదు.”

డైరెక్టరు బల్ల మీద రెండు అరచేతులూ ఆనించాడు. ఆ చక్కటి కంఠంలో ఇప్పుడు ఏమీ లేదు.

“పక్క ఊళ్ళో ఆట. తెల్లారేదాకా ఆడాం. రంగు కడుక్కునే ఓపిక లేక అలాగే బయల్దేరాను. కునుకు పట్టింది. చప్పుడుకి మెలకువ వచ్చింది. కాగితం కాల్చేశానండి. దాస్తే ఏం లాభం.”

“ఈ రోడ్డు మీద వాళ్ళనే ఎందుకు పిలిచారు?” అని ప్రూఫు అడిగాడు, ఉండబట్టలేక.

“తెలీదు. ఎవరైనా ఆ మాటెత్తుతారేమోనని భయం. ఎత్తకపోతే ఎలా అని ఇంకో భయం.”

“నొప్పి పన్ను మీదికే నాలుక పోతుంది,” అంది ఇన్‌స్పెక్టరమ్మ. ఆ మాటలో కోపం లేదు. ఉత్త అలసటే ఉంది.

దర్జీ ఆవిడ లేచి బల్ల దగ్గరికి వచ్చింది. కొడుతుందేమోనని ప్రూఫు ఒక అడుగు ముందుకి వేశాడు. ఆవిడ చెయ్యి ఎత్తలేదు.

“కారు ఆపావు కదా. తలుపు తీశావు కదా. దిగావు కూడా. ఆ నాలుగడుగులూ ఎందుకు వెయ్యలేదు?”

ఆయన అరచేత్తో చెంప తడుముకున్నాడు.

“మొహాన రంగుంది,” అన్నాడు చివరికి. “జనాన్ని నవ్వించే రంగు. ఆ మొహంతో చచ్చిపోయేవాడి దగ్గరికి ఎలా వెళ్ళను అనుకున్నాను. ఈలోగా ఎవరో కేక వేశారు. మనిషి వచ్చాడు, చూసుకుంటాడులే అనుకున్నాను. తర్వాత రోజుకో సాకు.”

“రంగుతోనే వస్తే ఏమయ్యేది?” అంది ఆవిడ. “వాడికి విదూషకులంటే ఇష్టం.”

డైరెక్టరు తల బల్ల మీద వాలిపోయింది. ఎవరూ ఆయన్ని ముట్టుకోలేదు. కాసేపటికి ఇన్‌స్పెక్టరమ్మే అంది: “స్టేషనుకి మీరు నడిచి వెళ్తారా, నేను ఫోన్ చెయ్యనా?”

“వెళ్తాను.”

“నేను కూడా వస్తాను పదండి,” అని మాస్టారు లేచాడు. జాలితో లేచాడో, నిఘాకి లేచాడో అతని మొహం చూస్తే తెలియలేదు. ఇద్దరూ మెట్లు దిగారు. డైరెక్టరు గోడ మీది ఫొటోల వైపు తలెత్తలేదు.

నాటకం రాసినవాళ్ళలో హాల్లో మిగిలింది ముగ్గురు. ఇంక నాటకం లేదు, రాసే పనీ లేదు. అయినా ఎవరూ లేవలేదు. దర్జీ ఆవిడ ఒక మడత కుర్చీ తెచ్చుకుని డ్రైవరు ఎదురుగా వేసుకుంది.

“అన్నా, మొదట్నించీ చెప్పు. ఏదీ వదలకు.”

“ఏం చెప్పమంటావు తల్లీ?”

“నొప్పంటూ అరిచాడా?”

“లేదమ్మా. చలేస్తోందన్నాడు. నా కోటు కప్పాను.”

“నీళ్ళు తాగాడా?”

“రెండు గుక్కలు. మూడోది బయటికొచ్చింది.”

నర్సు ఏదో అనబోయి నోరు మూసుకుంది. తన కుర్చీ కూడా వాళ్ళ పక్కకి జరుపుకుంది.

“నీ చెయ్యి పట్టుకున్నాడా?”

“పట్టుకున్నాడు. గట్టిగా. నేనే ఆఖర్న విడిపించుకోవాల్సి వచ్చింది.”

ఆవిడ ఆయన కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని చూసింది. చాలా ఏళ్ళు స్టీరింగు పట్టి కాయలు కాసిన చెయ్యి. దాన్ని వదల్లేదు.

ప్రూఫు ఇంకా వింటూ నిలబడిపోయాడు. ఇన్‌స్పెక్టరమ్మ అతని మోచెయ్యి పట్టుకుంది.

“పద ప్రూఫూ. ఇక్కడ మనకింకేం పని లేదు.”

మెట్ల దగ్గర ఆమె అతని భుజం మీద చెయ్యి వేసింది. ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగారు. పైనుంచి ఆవిడ గొంతు వినపడుతూనే ఉంది, ఇంకా ఏదో అడుగుతూ. డ్రైవరు గొంతు నెమ్మదిగా జవాబు చెబుతూ ఉంది.